రెండు నెలలు ఆగిన యూపీఎస్: ముందు బ్యాటరీని కొలవండి, బోర్డు సంగతి తర్వాత

ప్రశ్న: కంప్యూటర్ కోసం నాలుగేళ్ల కిందట కొన్న 600 వీఏ యూపీఎస్ ఉంది. వేసవి సెలవులకు ఇంటి మెయిన్ ఆపేసి ఊరెళ్లాం, రెండు నెలల తర్వాత తిరిగొచ్చాం. ఇప్పుడు ప్లగ్గు పెట్టి బటన్ నొక్కినా లైటు లేదు, బీప్ లేదు. రిపేరు షాపులో విప్పి చూడకుండానే ‘బోర్డు పోయింది, కొత్తది తీసుకోండి’ అన్నారు. నా దగ్గర మల్టీమీటరు ఉంది, సోల్డరింగ్ కొంచెం వచ్చు. ఇంట్లో బాగు చేసుకోవచ్చా? డిస్టిల్డ్ వాటర్ పోస్తే ఇలాంటి బ్యాటరీ మళ్లీ లేస్తుందని ఒక వీడియోలో చూశాను, నిజమేనా? పాత కారు బ్యాటరీ ఒకటి పడి ఉంది, అది తగిలిస్తే ఎక్కువ సేపు వస్తుందా?
– ఒక పాఠకుడు, కొత్తగూడెం

సమాధానం: విప్పకుండా ఖాయంగా చెప్పలేం కానీ, మీరు రాసినదాన్ని బట్టి అనుమానం బోర్డు మీద కాదు, బ్యాటరీ మీద పెట్టుకోవాలి. ఊరెళ్లేటప్పుడు మెయిన్ ఆపారు సరే, యూపీఎస్ ముందున్న బటన్ కూడా ఆపారా? ఆపకపోయి ఉంటే, మెయిన్ పడగానే అది కరెంటు పోయిందనుకుని బ్యాటరీ మీదికి మారి ఉంటుంది. ఎవరూ లేని ఇంట్లో కాసేపు మోగి మోగి, బ్యాటరీ పదీ పదిన్నర వోల్టులకు దిగాక తనంతట తనే ఆగిపోయి ఉంటుంది. అలా ఖాళీ అయిన బ్యాటరీని ఆ రోజే చార్జింగుకు పెడితే కోలుకుంటుంది. ఖాళీగానే రెండు నెలలు వదిలేస్తే లోపలి సీసపు పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిగా పేరుకుపోయి, ఆ తర్వాత చార్జింగ్ ఎక్కదు. బటన్ ఆపి వెళ్లారనుకున్నా, నాలుగేళ్ల బ్యాటరీ వయసు అయిపోయినట్టే. ఈ రకం బ్యాటరీల ఆయుష్షు లెక్క 25 డిగ్రీల వేడికి కట్టింది. ఆపైన ప్రతి 10 డిగ్రీలకు దాదాపు సగం తెగిపోతుంది. మీ ఊరి ఎండల సంగతి మీకు చెప్పక్కర్లేదు.

బ్యాటరీ పోతే పోయింది, గోడలో కరెంటు ఉంది కదా, కనీసం లైటైనా వెలగాలి కదా అనిపిస్తుంది. చిన్న యూపీఎస్‌లు చాలావాటిలో లోపలి కంట్రోల్ సర్క్యూట్ బ్యాటరీ 12 వోల్టుల మీదే మేల్కొంటుంది. అది మేల్కొంటేనే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పడుతుంది, రిలే పడితేనే గోడ కరెంటు లోపలికి వస్తుంది. అందుకే బ్యాటరీ పూర్తిగా చస్తే పెట్టె మొత్తం చచ్చినట్టు కనబడుతుంది. ‘బోర్డు పోయింది’ అనే మాట ఎక్కువగా పుట్టేది ఇక్కడే.

స్క్రూడ్రైవర్ తీసే ముందు బయటి పని ముగించండి. ఆ సాకెట్‌లో టేబుల్ ల్యాంపు పెట్టి కరెంటు వస్తోందో లేదో చూడండి. యూపీఎస్ వెనక కంప్యూటర్ పవర్ కార్డు దూరే గూడు ఉంటే, దాని కిందే చిన్న సొరుగులా ఫ్యూజు హోల్డరు ఉంటుంది. గోరుతో లాగితే వస్తుంది. చాలావాటిలో రెండో గదిలో స్పేర్ ఫ్యూజు కూడా పెట్టి ఇస్తారు, అది ఉందని కొన్నవాళ్లలో చాలామందికి తెలియదు. కొన్ని మోడళ్లకు ఫ్యూజు బదులు వెనక నల్లటి రీసెట్ బటన్ ఉంటుంది, అది బయటికి పొడుచుకొచ్చి ఉంటే లోపలికి నొక్కండి. ఫ్యూజు పోయి ఉంటే దాని గాజు చూడండి. లోపలి తీగ మధ్యలో తెగి గాజు తెల్లగానే ఉంటే లోడు ఎక్కువై పోయింది. గాజు నల్లగా మాడి ఉంటే లోపల షార్ట్ ఉంది, కొత్త ఫ్యూజు వేసినా అలాగే పోతుంది. ఏది వేసినా దాని మీద రాసిన ఆంపియర్లదే వేయండి, తీగ చుట్టి నడిపించవద్దు. ముందున్న బటన్‌ను కూడా నాలుగైదు సెకన్లు నొక్కి పట్టి చూడండి, ముట్టి వదిలేస్తే లెక్కచేయని మోడళ్లు ఉన్నాయి.

ఇక విప్పడం. ప్లగ్గు తీశాం కాబట్టి షాక్ కొట్టదు అనే ధీమా యూపీఎస్ దగ్గర పనికిరాదు. లోపల బ్యాటరీ ఉన్నంతసేపు, పొరపాటున బటన్ నొక్కుకుంటే వెనక సాకెట్లలో 230 వోల్టులు వస్తాయి. కొన్ని మోడళ్లలో బ్యాటరీ వైర్లకు ఇంటి కరెంటుతో నేరుగా లింకు ఉంటుంది, కాబట్టి ప్లగ్గు పెట్టి ఉండగా బ్యాటరీ టెర్మినల్ కూడా ముట్టుకోకూడదు. గోడ నుంచి ప్లగ్గు తీయండి, కంప్యూటర్ వైర్లు తీయండి. ఉంగరాలు, వాచీ, చేతి గొలుసు పక్కన పెట్టండి. 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, బ్యాటరీ సామర్థ్యం కొలత) బ్యాటరీయే కదా అనుకోవద్దు, మంచిదైతే షార్ట్ అయినప్పుడు వంద ఆంపియర్లు దాటుతుంది, ఉంగరం వేలితో సహా కాలుతుంది.

అడుగున నాలుగు స్క్రూలు తీస్తే పైమూత వస్తుంది. మూత మెల్లగా ఎత్తండి, ముందున్న బటన్‌కు, లైట్లకు వెళ్లే సన్నటి వైర్లు దానికి అతుక్కుని ఉంటాయి. బ్యాటరీ వైర్లు తీయకముందే ఫోనుతో ఒక ఫొటో తీసుకోండి. లగ్గుల్ని (వైరు చివర టెర్మినల్‌కు తొడిగే లోహపు క్లిప్పుల్ని) వైరు పట్టుకుని లాగకండి, నోస్ ప్లయరుతో లగ్గునే పట్టి అటూ ఇటూ కదిపి లాగండి. ఒకటి ఊడగానే దానికి ఇన్సులేషన్ టేపు చుట్టి, ఆ తర్వాత రెండోది తీయండి. రెండూ వచ్చాక యూపీఎస్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే కెపాసిటర్లలో మిగిలిన చార్జి దిగుతుంది.

బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉన్నాయా, టెర్మినల్ దగ్గర తెల్లగానో పచ్చగానో పొడి కట్టిందా చూడండి. ఉబ్బితే ఇక కొలవాల్సిన పనే లేదు, అది పారేయాల్సిందే. గూట్లోంచి రాకుండా బిగుసుకుపోతే స్క్రూడ్రైవర్‌తో పొడిచి తీయకండి. లోపల పలచటి సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉంటుంది. పెట్టె బోర్లించి మెల్లగా తడుతూ దింపండి.

పైకి బాగానే ఉంటే మీటరును డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టి కొలవండి. చార్జింగ్ ఆపి కొన్ని గంటలు ఊరికే ఉంచిన మంచి బ్యాటరీ 12.8 వోల్టుల దగ్గర చూపిస్తుంది. 12.2 అంటే సగం ఉన్నట్టు, 11.8 కంటే తక్కువంటే ఖాళీ. మీ కేసులో 3, 4, 5 వోల్టుల లాంటి అంకె కనబడినా ఆశ్చర్యం లేదు. చార్జింగ్ పెట్టినా 10.5 దగ్గరే నిలిచిపోతుంటే ఆరు సెల్లుల్లో ఒకటి షార్ట్ అయింది.

చాలామంది ఇక్కడే మోసపోతారు. మీటరు 12.6 చూపించింది కాబట్టి బ్యాటరీ మంచిదే, తప్పు బోర్డులోనే ఉందని తేల్చేస్తారు. మీటరు ఆ బ్యాటరీ నుంచి లాగే కరెంటు దాదాపు సున్నా. 200 వాట్ల కంప్యూటర్‌ను మోయాలంటే బ్యాటరీ 20 ఆంపియర్లు ఇవ్వాలి. పలకలు పాడైన బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 చూపించి, లోడు పడగానే 8కి పడిపోతుంది. అందుకని లోడు మీదే పరీక్షించాలి. ఆటోమొబైల్ షాపులో కారు హెడ్‌లైట్ బల్బు, 12 వోల్టులు 55 వాట్లది, ఒకటి కొనండి. పనైపోయాక కూడా దాచుకోదగ్గ పనిముట్టే. రెండు వైర్లతో బ్యాటరీకి తగిలిస్తే అది నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. గాజు కొన్ని సెకన్లలో చెయ్యి కాలేంత వేడెక్కుతుంది కాబట్టి టైల్ ముక్క మీదో ఇటుక మీదో పెట్టండి. బల్బు వెలుగుతుండగానే బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర వోల్టేజి చూడండి. నిండా చార్జయిన మంచి బ్యాటరీ ఐదు నిమిషాల తర్వాత కూడా 12 దగ్గర్లో నిలుస్తుంది. నిమిషంలోపే 11 దిగిందంటే దాని పని అయిపోయింది.

10 వోల్టుల పైన చూపిస్తున్న బ్యాటరీకైతే ఒక అవకాశం ఇచ్చి చూడొచ్చు. కరెంటు, వోల్టేజి రెండూ పరిమితం చేసే బెంచ్ పవర్ సప్లై దొరికితే 14.4 వోల్టులు, అర ఆంపియరు మించకుండా పెట్టి, మీరు దగ్గర ఉన్నంతసేపు 10–12 గంటలు చార్జ్ చేసి, మళ్లీ బల్బు పరీక్ష పెట్టండి. మధ్యమధ్య తాకి చూస్తుండండి, వేడెక్కితే వెంటనే తీసేయండి. 4, 5 వోల్టులకు పడిపోయి రెండు నెలలు ఉన్నదాని మీద మాత్రం ఆ కాలయాపన దండగ.

డిస్టిల్డ్ వాటర్ సంగతి ఇక్కడే చెప్పుకుందాం. ఇది నీళ్లు పోసుకునే ఇన్వర్టర్ బ్యాటరీ కాదు, మూసేసిన రకం. లోపలి యాసిడ్‌ను గాజు నూలు పీల్చుకుని ఉంటుంది. పైపలక ఊడదీసి, రబ్బరు టోపీలు తీసి, సెల్లుకు రెండు మూడు మిల్లీలీటర్లు పోస్తే కొన్ని రోజులు లేచినట్టు కనబడడం నిజమే. అయితే ఎండిపోవడం ఒక్కటే జబ్బయితేనే అది పనిచేస్తుంది. మీ బ్యాటరీకి పట్టింది సల్ఫేట్, దానికి నీళ్లు మందు కాదు. పైగా ఊడదీసిన పైపలక మళ్లీ సరిగ్గా అతకక, యాసిడ్ ఆవిరి పక్కనే ఉన్న బోర్డును తినేస్తుంది. బ్యాటరీని బతికించబోయి బోర్డును చంపుకోవడమే.

కొత్త బ్యాటరీ కొనేటప్పుడు పాతదాన్ని చేత్తో పట్టుకెళ్లండి. 600 వీఏ వాటిలో ఎక్కువగా ఉండేది 12 వోల్టులు, 7 ఏహెచ్, పొడవు 151, వెడల్పు 65, ఎత్తు 94 మి.మీ. సైజు ఒకటే అయినా టెర్మినల్ రేకులు రెండు రకాలు: 4.8 మి.మీ., 6.3 మి.మీ. వెడల్పువి. వెడల్పు లగ్గును సన్న రేకుకు తొడిగితే వదులుగా కూర్చుని, 20 ఆంపియర్ల దగ్గర వేడెక్కి ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. సరిపోకపోతే లగ్గు మార్చి క్రింప్ చేయించండి, ప్లయరుతో నొక్కి సరిపెట్టకండి. తిరుపతి కంపెనీ వాళ్ల అమరాన్ క్వాంటా అయినా, ఎక్సైడ్ అయినా, ఇంకోటైనా తయారీ తేదీ అడిగి చూడండి. షాపులో ఏడాది పడున్న బ్యాటరీ, మీ ఇంట్లో రెండు నెలలు ఉన్నదానికి అన్నయ్యే. మీటరు జేబులో వేసుకెళ్లి అక్కడే కొలవండి. 12.6 కంటే తక్కువుంటే వేరేది ఇమ్మనండి. బరువు రెండు కిలోలు దాటాలి. మరీ తేలిగ్గా ఉంటే లోపల సీసం తగ్గించారన్న మాట, లేబుల్ మీద 7 అని ఉన్నా 7 రాదు.

కొత్తది తగిలించే ముందు తప్పనిసరిగా చేయాల్సిన పరీక్ష ఒకటుంది, అర నిమిషం పని. బ్యాటరీ లేకుండా, ప్లగ్గు లేకుండా, యూపీఎస్‌లోంచి వచ్చే ఎర్ర, నల్ల వైర్ల మధ్య మీటరును డయోడ్ గుర్తు మీద పెట్టి కొలవండి. మీటరు నల్ల ప్రోబు ఎర్ర వైరుకు, ఎర్ర ప్రోబు నల్ల వైరుకు పెట్టినప్పుడు 0.4–0.6 లాంటి అంకె రావాలి. ప్రోబులు తిప్పి పెడితే అంకె పెరుగుతూ పోవాలి, లేదా ఏమీ చూపకూడదు. కెపాసిటర్ వల్ల మొదట్లో ఒక్క క్షణం కూసినా ఫర్వాలేదు. ఇలా వస్తే బోర్డులో బరువు మోసే భాగం బాగున్నట్టే. రెండు వైపులా సున్నా చూపిస్తే మాస్‌ఫెట్లు (బ్యాటరీ కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్లు) షార్ట్ అయ్యాయి, కొత్త బ్యాటరీ తగిలించకండి. రెండు వైపులా ఏమీ రాకపోతే బోర్డు మీద బ్యాటరీ వైపు ఫ్యూజు పోయి ఉండొచ్చు. గతంలో ఎవరైనా బ్యాటరీని తిరగేసి తగిలించిన పెట్టెల్లో ఇది మామూలే.

పరీక్ష బాగా వచ్చినా మొదటిసారి నేరుగా తగిలించకుండా, అదే హెడ్‌లైట్ బల్బును ఎర్ర వైరుకూ బ్యాటరీ ప్లస్‌కూ మధ్య సీరీస్‌లో పెట్టండి. బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోతే మంచిదే. నిండుగా వెలుగుతూ ఉంటే లోపల షార్ట్, తీసేయండి. ఇంతా అయ్యాక నేరుగా తగిలించినప్పుడు లగ్గు దగ్గర టప్‌మని చిన్న నిప్పురవ్వ వస్తుంది, కెపాసిటర్లు నిండడం అది, భయపడకండి. ఎరుపు ప్లస్‌కే, నలుపు మైనస్‌కే అని ఫొటో చూసి మరీ తగిలించండి. ఒక్క క్షణం తిరగబడితే మాస్‌ఫెట్లు పోతాయి.

ఇప్పుడు చార్జరు సంగతి. మీటరు ప్రోబులను ముందే క్రొకడైల్ క్లిప్పులతో బ్యాటరీకి తగిలించి, మీటరు బయట పెట్టి, చేతులు తీసేశాకే గోడలో ప్లగ్గు పెట్టి స్విచ్ వేయండి. మూత తీసి ఉన్నంతసేపు లోపల చెయ్యి పెట్టొద్దు. ఎనిమిది పది గంటల చార్జింగ్ తర్వాత 13.5–13.8 మధ్య స్థిరంగా ఉండాలి. 12.6 దగ్గరే ఉండి పెరగడం లేదంటే చార్జింగ్ అందడం లేదు. 14.4 దాటి అలాగే ఉంటే చార్జరు కంట్రోల్ తప్పింది. ఈ కొత్త బ్యాటరీ కూడా కొన్ని నెలల్లో ఉబ్బుతుంది, అలాంటి యూపీఎస్‌ను సరిచేయించకుండా వాడకండి.

చార్జింగ్ నిండాక మూత బిగించి, కంప్యూటర్‌తో కాకుండా 100 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బుతో పరీక్షించండి. ప్లగ్గు పీకొద్దు, గోడ స్విచ్ ఆపండి, ఎర్త్ అలాగే ఉంటుంది. 20 నిమిషాల దాకా బల్బు వెలగాలి. పది నిమిషాల్లోపే ఆరిపోతే బ్యాటరీ నాసిది. ‘7 ఏహెచ్ ఇంటూ 12 అంటే 84 వాట్ అవర్లు, 50 నిమిషాలు రావాలి కదా’ అని లెక్క వేయకండి. ఆ 7 అనేది 0.35 ఆంపియర్ల చొప్పున 20 గంటల మీద నెమ్మదిగా వాడితే వచ్చే లెక్క. గబగబా లాగితే చాలా తక్కువ వస్తుంది. ఇంకో మాట: బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు అవుట్‌పుట్‌ను మామూలు మల్టీమీటరుతో కొలిస్తే 190, 200 అని తప్పు చూపించొచ్చు. అలల్లా కాకుండా మెట్లు మెట్లుగా వచ్చే ఆ కరెంటును చవక మీటరు సరిగ్గా చదవలేదు. ఆ అంకె చూసి బోర్డు విప్పకండి.

బ్యాటరీ మార్చినా లేవకపోతే, లేదా వైర్ల మధ్య పరీక్షలోనే సున్నా వస్తే, అప్పుడు బోర్డు. పవర్ కార్డు తీసి, బ్యాటరీ తీసి, బోర్డు తిప్పి పట్టుకుని ముందు కళ్లతో వెతకండి. ట్రాన్స్‌ఫార్మర్ లావు వైర్లు, రిలే కాళ్లు, బ్యాటరీ వైర్లు అతికిన చోట టంకం చుట్టూ సన్నగా రింగులా పగులు ఉంటుంది, దాన్నే డ్రై సోల్డర్ అంటారు. పాతది కరిగించి కొత్త టంకం వేస్తే చాలు, రూపాయి ఖర్చు లేని రిపేరు. తల ఉబ్బిన కెపాసిటర్ ఉంటే అదే మైక్రోఫారడ్, అంతే లేదా అంతకన్నా ఎక్కువ వోల్టేజి, 105 డిగ్రీలు రాసి ఉన్నది వేయండి. గోడ కరెంటు వచ్చే వైపు నాణెమంత గుండ్రటి భాగం పగిలి మసి పట్టి ఉంటే అది ఎంఓవీ. వీధిలో న్యూట్రల్ తెగి ఇళ్లకు 400 వోల్టుల దాకా వచ్చినప్పుడు తాను పగిలి, ఫ్యూజును పోగొట్టి, మిగతా బోర్డును కాపాడేది అదే. దాని మీద ఉన్న నంబరుదే, సాధారణంగా 471, మళ్లీ వేయండి. అది తీసేసి నడిపించే మెకానిక్కులు ఉన్నారు. యూపీఎస్ నడుస్తుంది, ఈసారి న్యూట్రల్ తెగితే మాత్రం అన్నీ పోతాయి.

మాస్‌ఫెట్లు అల్యూమినియం రెక్కలకు బిగించి ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట నిరోధం దాదాపు సున్నా కాబట్టి, ఒక వరసలో ఒక్కటి షార్ట్ అయినా మీటరు రెండో వరసలో కూడా కూస్తుంది. అన్నీ పోయాయనుకోకండి, ఒక్కోటి ఊడదీసి కొలవండి. పోయినది ఒక్కటే అయినా ఆ వరస మొత్తం ఒకే కంపెనీవి, ఒకే నంబరువి వేయడం మంచిది. జడ్44ఎన్, 3205 లాంటివి బజారులో నకిలీవి ఎక్కువ, నమ్మకమైన చోట కొనండి. గేటు (మాస్‌ఫెట్‌ను ఆన్, ఆఫ్ చేసే కాలు) దగ్గరి చిన్న రెసిస్టర్లను కూడా కొలవండి, మాస్‌ఫెట్ పోతూ పోతూ వాటిని కూడా తీసుకుపోతుంది. విప్పినప్పుడు మధ్యలో మైకా ముక్క (కరెంటు పారకుండా అడ్డం పెట్టే పలచటి రేకు) కనబడితే అది తిరిగి పెట్టాల్సిందే. రెండు రెక్కలు ఒకదానికొకటి తగలకూడదు. మళ్లీ మొదటి కరెంటు ఆ హెడ్‌లైట్ బల్బు గుండానే.

ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వార్నిష్ కాలిన వాసన వస్తున్నా, మధ్యలోని కంట్రోలర్ చిప్ మాడినా ఇక ఆపేయండి. ఆ చిప్‌లోని ప్రోగ్రాము కంపెనీది, బయట దొరకదు. ప్లగ్గు పెట్టి ఉండగా బోర్డు మీద కొలతలు తీయాల్సిన అవసరం వచ్చినా సరే, అక్కడి నుంచి పని మెకానిక్‌ది.

కారు బ్యాటరీ తగిలించవద్దు. 600 వీఏ యూపీఎస్‌లోని ట్రాన్స్‌ఫార్మర్‌ను, ఆ చిన్న అల్యూమినియం రెక్కల్ని పదీ పదిహేను నిమిషాల పనికి సరిపడా చేశారు. అంతలో బ్యాటరీ ఎలాగూ అయిపోతుంది, చల్లబడుతుందన్నదే వాళ్ల లెక్క. పెద్ద బ్యాటరీ పెట్టి గంటసేపు నడిపితే అవి కాలిపోతాయి. చార్జరు కూడా చాలదు. ఆంపియరు కూడా ఇవ్వని చార్జరుతో 35 ఏహెచ్ బ్యాటరీ నిండడానికి రెండు రోజులకు పైగా పడుతుంది, ఈలోపు కరెంటు మళ్లీ పోతుంది. పైగా కారు బ్యాటరీ చార్జింగులో హైడ్రోజన్ వదులుతుంది, పడగ్గదిలో కంప్యూటర్ టేబుల్ కింద పెట్టే వస్తువు కాదది. గంటా రెండు గంటలు కావాలంటే ట్యూబులర్ బ్యాటరీతో ఇంటి ఇన్వర్టరే తీసుకోండి.

కొత్త బ్యాటరీ కొన్నచోటే పాత రెండింటినీ ఇచ్చేయండి. సీసానికి ధర ఉంటుంది కాబట్టి బిల్లులో కొంత తగ్గిస్తారు. అడగకపోతే కొందరు తగ్గించరు, అడగండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి సేకరించి రీసైక్లింగుకు పంపే బాధ్యత తయారీదారులదే. దారిలో షార్ట్ కాకుండా టెర్మినళ్లకు టేపు వేసి, కారు బ్యాటరీని నిలువుగానే పెట్టి తీసుకెళ్లండి.